రెండు నెలల పసివాడితో మిస్సిసాగా ప్రయాణం: అక్కడ డాక్టర్‌ని ఎలా పట్టుకోవాలి?

నిజాంపేట్_అమ్మ:

నమస్తే అందరికీ. మాది నిజాంపేట్. బాబు పుట్టి ఈ రోజుకి 36 రోజులు. మావారు కెనడాలో, ఒంటారియో ప్రావిన్స్‌లోని మిస్సిసాగాలో ఉన్నారు, కంపెనీ పేరు మీద వచ్చిన వర్క్ పర్మిట్, గడువు ఇంకా రెండేళ్లు ఉంది. నాకు స్పౌజ్ ఓపెన్ వర్క్ పర్మిట్ అప్రూవ్ అయింది. బాబుకి పాస్‌పోర్ట్ చేతికొచ్చింది, విజిటర్ వీసాకి వేశాం. వాడికి 11 వారాలు వచ్చేసరికి ఫ్లైట్ ఎక్కాలని ప్లాన్.

నా బెంగంతా డాక్టర్ గురించే. ఇక్కడైతే సాయంత్రం ఆరింటికి వెళ్లి టోకెన్ తీసుకుంటే ఎనిమిదింటికల్లా పిల్లల డాక్టర్ చూసి పంపిస్తారు, రాత్రిపూట వాట్సాప్‌లో ఫొటో పెట్టినా జవాబిస్తారు. అక్కడ నెలల తరబడి వెయిటింగ్ అంటున్నారు. మావారు పది మంది పీడియాట్రీషియన్ల ఆఫీసులకి ఫోన్ చేస్తే అందరూ "రెఫరల్ ఉందా?" అనే అడిగారట. ఆ రెఫరల్ ఇచ్చేదెవరు? అక్కడి హెల్త్ కార్డు రాకముందే బాబుకి జ్వరమొస్తే ఎక్కడికి పరిగెత్తాలి? టీకాలు ఇక్కడ మొదలుపెట్టి అక్కడ కొనసాగిస్తే లెక్క తప్పదా? ఇక్కడి నుంచి ఏ కాగితాలు పట్టుకెళ్లాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

మంచుబూట్లు:

ముందు మీవారిని ఆ ఫోన్లు ఆపమనండి. మన దగ్గర బిడ్డ పుట్టగానే పిల్లల డాక్టరే దిక్కు. కెనడాలో పీడియాట్రీషియన్ అంటే ఇంకో డాక్టర్ చీటీ రాసి పంపితే చూసే స్పెషలిస్టు. మామూలుగా బరువు చూడటం, టీకాలు వేయడం, జలుబు, విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు, ఇవన్నీ ఫ్యామిలీ డాక్టర్ పని. లేదా నర్స్ ప్రాక్టీషనర్ పని. నర్స్ అనగానే మనవాళ్లు మొహం చిట్లిస్తారు కానీ ఆవిడ పరీక్ష చేస్తుంది, మందులు రాస్తుంది, టీకాలు వేస్తుంది, స్పెషలిస్టుకి రెఫరల్ కూడా ఇస్తుంది. ఒంటారియోలో నర్స్ ప్రాక్టీషనర్లే నడిపే క్లినిక్కులు ఉన్నాయి, చోటు దొరికితే కళ్లు మూసుకుని చేరిపోండి. మిస్సిసాగా, బ్రాంప్టన్‌లలో కొందరు పీడియాట్రీషియన్లు మామూలు చెకప్‌లకి కూడా పసిపిల్లల్ని తీసుకుంటారు, నిజమే. అక్కడా ఎక్కువగా రెఫరల్ అడుగుతారు.

ఇప్పుడు అసలు పని. మీరు దిగేదాకా ఆగకుండా మీవారు ఇప్పుడే తన కోసం ఫ్యామిలీ డాక్టర్ దగ్గర చేరాలి. కొత్త పేషెంట్లని తీసుకోవట్లేదు అని బోర్డు పెట్టిన ఆఫీసు కూడా తమ పేషెంటుకి పుట్టిన బిడ్డని చాలాసార్లు కాదనదు. బయటి నుంచి ఫోన్ చేసే కొత్త తల్లికి దొరకని చోటు, లోపల ఉన్న తండ్రి అడిగితే దొరుకుతుంది. ఆయన చేరేటప్పుడే "ఇంకో ఆరు వారాల్లో భార్య, పసిబిడ్డ వస్తున్నారు, వాళ్లని కూడా తీసుకుంటారా?" అని రిసెప్షన్‌లో అడిగి, ఫైల్లో రాయించుకోవాలి.

వెతకడానికి దారులు: హెల్త్ కేర్ కనెక్ట్ అని ప్రభుత్వ జాబితా ఉంది, ప్రభుత్వ హెల్త్ లైన్ 811కి ఫోన్ చేసి గానీ ఆన్‌లైన్లో గానీ పేరు రాయించుకోవాలి. దానికి ఓహిప్ (ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా) నంబర్ కావాలి కాబట్టి ఇప్పుడు ఆయన పేరు, మీకు కార్డులు వచ్చాక మీ ఇద్దరి పేర్లు విడివిడిగా. దాని మీదే ఆధారపడి కూర్చోవద్దు, ఎప్పుడు పిలుస్తారో ఎవరూ చెప్పలేరు. ఒంటారియో డాక్టర్ల కాలేజీ వాళ్ల వెబ్‌సైట్‌లో పోస్టల్ కోడ్, మాట్లాడే భాష పెట్టి వెతకొచ్చు. కొత్తవాళ్లని తీసుకుంటున్నారో లేదో అక్కడ తెలియదు, ఫోన్ చేసి అడగాల్సిందే. ఇంటికి పావుగంటలో చేరగలిగే ఆఫీసులకే చేయండి. జనవరిలో మంచులో గంట ప్రయాణం చేసి పసివాడిని తిప్పలేరు.

ఫోన్‌లో "పీడియాట్రీషియన్ కావాలి" అనకుండా, "11 వారాల బిడ్డ, రెండు విడతల టీకాలు అయ్యాయి, నాలుగో నెల టీకాలకి, వెల్-బేబీ చెకప్‌లకి డాక్టర్ కావాలి" అని చెప్పమనండి. ఎంత పనో వాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

కార్డు సంగతి. ఒంటారియోలో ఒకప్పుడు ఓహిప్‌కి మూడు నెలలు ఆగాల్సి వచ్చేది, 2020 మార్చిలో ఆ నియమం తీసేశారు. కాబట్టి దిగిన వారంలోనే సర్వీస్ ఒంటారియో (ప్రభుత్వ సేవల ఆఫీసు) కౌంటర్‌కి వెళ్లొచ్చు. బాబు అర్హత మీవారి పర్మిట్‌ని పట్టుకుని వస్తుంది. అందుకని ఆయన వర్క్ పర్మిట్, ఫుల్‌టైమ్ ఉద్యోగమనీ కనీసం ఆరు నెలలు ఉంటుందనీ కంపెనీ ఇచ్చిన లెటర్, అద్దె అగ్రిమెంట్ లాంటి అడ్రస్ ప్రూఫ్, బాబు పాస్‌పోర్ట్, బర్త్ సర్టిఫికెట్, అన్నీ ఒరిజినల్స్. పసిపిల్లల కార్డు మీద ఫొటో, సంతకం ఉండవు. కార్డు పోస్టులో వస్తుంది, ఈలోగా కౌంటర్‌లో ఇచ్చిన కాగితం పారేయొద్దు.

ఇక్కడే చాలామంది బోల్తా పడేది ఎయిర్‌పోర్ట్‌లో. విజిటర్ వీసా మీద వచ్చే బిడ్డ పాస్‌పోర్ట్‌లో ఊరికే ముద్ర కొడితే ఆరు నెలలే ఉండొచ్చని అర్థం. మీరు దిగే టొరంటో పియర్సన్ ఎయిర్‌పోర్ట్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసర్‌ని తండ్రి పర్మిట్ గడువు దాకా "విజిటర్ రికార్డ్" ఇవ్వమని అడగండి. అది విడి కాగితం, దాని మీద తేదీ రాసి ఉంటుంది. ఓహిప్ కౌంటర్‌లో బాబు స్టేటస్‌కి చూపించాల్సింది ఆ కాగితమే. మీవారి పర్మిట్ కాపీ, పే స్లిప్పులు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోండి, చెక్-ఇన్ సూట్‌కేసులో కాదు.

టీకా_పుస్తకం:

టీకాల గురించి నేను చెప్తాను. మీ ప్రయాణం 11 వారాలకి పెట్టుకోవడం, తెలిసి పెట్టుకున్నారో లేదో గానీ, చాలా మంచిదైంది. మన దగ్గర 6, 10, 14 వారాలు. ఒంటారియోలో 2, 4, 6 నెలలు. 6 వారాలవి, 10 వారాలవి రెండూ హైదరాబాద్‌లోనే వేయించి, రెండుమూడు రోజులు చూసుకుని బయల్దేరండి. రెండు డోసులకి మధ్య కనీసం నాలుగు వారాలు ఉంటే చాలు, అక్కడి డాక్టర్ వాటిని లెక్కలోకి తీసుకుంటారు. మూడోది నాలుగో నెలలో అక్కడ. అంటే దిగాక డాక్టర్‌ని వెతుక్కోవడానికి మీకు నెలకి పైగా టైమ్ దొరుకుతుంది. అదే 6 వారాలవి మాత్రం వేయించి పరిగెత్తితే, పెట్టెలు విప్పకముందే టీకా గడువు నెత్తి మీదకొస్తుంది.

పోలియో దగ్గర జాగ్రత్త. 2016 ఏప్రిల్ నుంచి మన దేశంలో వేస్తున్న చుక్కలు రెండు రకాల వైరస్‌లకే పనిచేస్తాయి. కెనడాలో ఆ చుక్కల్ని లెక్కించరు, ఇంజెక్షన్ పోలియోనే లెక్క. ప్రైవేట్‌లో హెక్సావాలెంట్ (ఆరు జబ్బులకి ఒకే టీకా) వేయిస్తే అందులో ఇంజెక్షన్ పోలియో, హెపటైటిస్-బి రెండూ కలిసి ఉంటాయి, గొడవ లేదు. బస్తీ దవాఖానాలోనో, పీహెచ్‌సీలోనో పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి ఒకే టీకా) వేయిస్తే అది కూడా నిక్షేపంలా చెల్లుతుంది, కాకపోతే పోలియో చుక్కలు వేరు, పోలియో ఇంజెక్షన్ వేరు అని టీకా కార్డులో విడివిడిగా రాయించండి.

హెపటైటిస్-బి మనం పుట్టగానే మొదలుపెడతాం. ఒంటారియోలో దాన్ని మామూలుగా ఏడో తరగతి పిల్లలకి స్కూల్లో వేస్తారు, పసిపిల్లల పట్టికలో ఉండదు. కాబట్టి మిగిలిన డోసు సంగతి అక్కడి డాక్టర్ కంప్యూటర్ తనంతట తాను గుర్తు చేయదు. మీరే నోరు తెరిచి అడగాలి. చివరి డోసు బాబుకి 24 వారాలు నిండాక పడాలి. ఉచితమా, కొనుక్కోవాలా అన్నది అప్పుడే తేల్చుకోండి.

రోటావైరస్ చుక్కలకి గడువు గట్టిది. మొదటి డోసు 15 వారాల లోపు, అన్ని డోసులూ ఎనిమిది నెలలు నిండేలోపు అయిపోవాలి. మన జీనోమ్ వ్యాలీలో తయారయ్యే రోటావ్యాక్ అక్కడ దొరకదు, వేరే కంపెనీది వేస్తారు. కంపెనీ మారినప్పుడు మొత్తం మూడు డోసులు పడేలా చూస్తారు. అందుకే పేరు స్పష్టంగా ఉండాలి. టీబీ టీకా బీసీజీ అక్కడ మామూలుగా వేయరు. ఎడమ భుజం మీద మచ్చ చూసి కొత్త నర్స్ ఏమిటని అడగొచ్చు. తర్వాతెప్పుడైనా చర్మం మీద టీబీ పరీక్ష చేస్తే బీసీజీ వల్ల ఉబ్బొచ్చు కాబట్టి ఆ తేదీ కూడా కార్డులో ఉండాలి.

కార్డు ఎలా ఉండాలంటే: ప్రతి టీకాకి కంపెనీ పేరు, బ్యాచ్ నంబర్, తేదీ, ఆసుపత్రి ముద్ర. ప్రైవేట్‌లో సీసా మీది స్టిక్కర్ తీసి అంటిస్తారు, అది మంచి పద్ధతి. "పెంటా-1, ఇచ్చాం" అని డాక్టర్ గారి చేతిరాతలో ఉంటే అక్కడ ఎవరికీ అర్థం కాదు. తేదీలో నెలని అక్షరాల్లో రాయించండి. 04/05 అంటే మనకి మే 4, అక్కడ కొందరికి ఏప్రిల్ 5. నెల తేడా వస్తే టీకా చాలా ముందుగా వేశారని మళ్లీ మొదటికి తెస్తారు. ప్రభుత్వ టీకాల పోర్టల్ యూ-విన్‌లో నమోదైతే ఆ సర్టిఫికెట్ కూడా డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ఆసుపత్రి నుంచి తీసుకోవాల్సింది, నీలోఫర్ అయినా కార్పొరేట్ అయినా, డిశ్చార్జ్ సమ్మరీ. అందులో ఇవి ఉన్నాయా అని కౌంటర్ దగ్గరే నిలబడి చూసుకోండి: ఎన్ని వారాలకి పుట్టాడు, పుట్టిన బరువు, తల చుట్టుకొలత, విటమిన్-కె ఇంజెక్షన్ ఇచ్చారా, వినికిడి పరీక్ష ఫలితం, మడమ నుంచి రక్తం తీసి చేసిన పరీక్షల రిపోర్టు, ముఖ్యంగా థైరాయిడ్. ఒంటారియోలో పుట్టిన ప్రతి బిడ్డకీ ఈ పరీక్ష చేస్తారు కాబట్టి మీ బాబుకి చేశారా అని మొదటి విజిట్‌లోనే అడుగుతారు. చేయకపోతే చేయలేదని చెప్పండి, దాచేదేం లేదు. కామెర్లు వచ్చి లైట్ కింద పెట్టి ఉంటే ఆ బిలిరుబిన్ అంకెలు కావాలి. మన ల్యాబ్‌లో 12 అని ఉంటే అక్కడి యూనిట్లలో అది 205, అంటే 17.1తో హెచ్చవేయాలి. బిడ్డ కాళ్లు ముందుగా అంటే ఎదురుకాళ్లతో ఉన్నాడని స్కాన్‌లో ఉంటే అది కూడా చెప్పాలి, తుంటి కీలు చూస్తారు. మీ గర్భం ఫైల్లోంచి బ్లడ్ గ్రూప్, హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్-బి పరీక్ష), హెచ్‌ఐవీ రిపోర్టులు. థర్మల్ పేపర్ మీద ఇచ్చిన రిపోర్టుల్ని ఇప్పుడే జిరాక్స్ తీయించండి, ఆరు నెలల్లో అక్షరాలు ఎగిరిపోతాయి.

నిజాంపేట్_అమ్మ:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. మావారికి ఫ్యామిలీ డాక్టర్ లేరు, రెండేళ్లుగా అపాయింట్‌మెంట్ లేకుండా చూసే వాక్-ఇన్ క్లినిక్‌కే వెళ్తున్నారు, ఈ రోజు నుంచే వెతకడం మొదలుపెట్టారు. ఇంకో మూడు సందేహాలు. జ్వరం సంగతి ఎవరూ చెప్పలేదు. మా అత్తగారు వస కొమ్ము, కాటుక డబ్బా, సాంబ్రాణి, గ్రైప్ వాటర్, డాక్టర్ రాసిన జ్వరం చుక్కలు, విటమిన్-డి చుక్కలు అన్నీ సర్దేశారు. తీసుకెళ్లొచ్చా? ఆరో నెలలో అన్నప్రాశనకి ఇక్కడికొచ్చి రెండు నెలలు ఉందామనుకుంటున్నాం, దాని వల్ల హెల్త్ కార్డుకి ఏమైనా అవుతుందా?

జర_పైలం:

అమ్మా, మందుల సంగతి నేను చెప్తా, జర మంచిగ సదువుకోండి. గడబిడ అయ్యేది గిక్కడనే.

జ్వరం చుక్కలు: మన దగ్గర పారాసిటమాల్ అంటరు, అక్కడ డబ్బా మీద అసిటమినోఫెన్ అని ఉంటది, రెండు ఒక్కటే. కని బలం వేరు. మన పిల్లల చుక్కల్ల ఎక్కువగ 1 మి.లీ.కి 100 మిల్లీగ్రాములు, అక్కడి ఇన్ఫెంట్ చుక్కల్ల 1 మి.లీ.కి 80. అక్కడనే పిల్లల సిరప్ అని ఇంకోటి ఉంటది, దాంట్ల 5 మి.లీ.కి 160, అంటే 1 మి.లీ.కి 32. సిరప్‌కు చెప్పిన 2 మి.లీ. కొలతని చుక్కల సీసల్కెళ్లి పోస్తే రెండున్నర రెట్ల మందు పోతది. గందుకే డాక్టర్‌ని "ఎన్ని మి.లీ.?" అని కాదు, "ఎన్ని మిల్లీగ్రాములు?" అని అడగాలె, సీస మీద చూసి లెక్క జేసుకోవాలె. ఉగ్గుగిన్నెతోటి, చెంచాతోటి కొలవద్దు, సీసతోటొచ్చిన సిరంజితోటే. ఇగ మూడు నెలలు నిండని పిల్లకు డాక్టర్ చెప్పకుండ జ్వరం మందు పొయ్యనే వద్దు, అసలు జ్వరం కప్పుకుపోతది.

విటమిన్-డి ఇంకా పైలం. మనకాడ ఒక డ్రాపర్ నిండ పోస్తరు, సీసను బట్టి 1 మి.లీ.ల 400 యూనిట్లు ఉంటది. అక్కడ అమ్మే సీసల్ల కొన్నిట్ల ఒక్క చుక్కలనే 400 యూనిట్లు. 1 మి.లీ. అంటే ముప్పైకి పైన చుక్కలు. అలవాటు మీద డ్రాపర్ నిండ పోసిన్రంటే నెల మందు ఒక్క దినం పోసినట్టు. ఒక సీస ఖతం జేసినంకనే ఇంకో సీస ముట్టుకోండి, రెండు ఒక్క షెల్ఫ్ మీద పెట్టకండి. పాలపొడి డబ్బా గూడ గంతే. మన డబ్బాల ఎక్కువగ 30 మి.లీ. నీళ్లకు ఒక స్కూపు, అక్కడియి కొన్ని 60 మి.లీ.కు ఒక స్కూపు. ఏ డబ్బాల స్కూపు ఆ డబ్బాకే.

వస కొమ్ము, కాటుక ఇంట్లనే పెట్టి పోండి. కాటుకల సీసం ఉంటదని అక్కడ డాక్టర్లు పిల్ల కండ్లు చూడంగనే అడుగుతరు. వసను తేనెల రుద్ది నాకిస్తరు గదా, ఏడాది నిండేదాక తేనె చుక్క గూడ వద్దు, బొటులిజం అని నరాలు పడిపోయే రోగం వస్తది. అత్తమ్మకు మీరు చెప్తే ఇనకపోవచ్చు, ఇక్కడి మీ పిల్లల డాక్టర్‌తోటే చెప్పియ్యండి. సాంబ్రాణి పొగ ఏస్తే అపార్ట్‌మెంట్ల స్మోక్ అలారం మోగుతది, పిల్లగాని ఊపిరికి గూడ మంచిది గాదు. నలుగుపిండి, నువ్వుల నూనె తీస్కపోండి, ఏం గాదు.

ఇగ జ్వరం. అక్కడ అందరు సెల్సియస్‌లనే మాట్లాడుతరు. 38 అంటే మన 100.4. మూడు నెలలు నిండని పిల్లకు 38 గానీ, ఆపైన గానీ వచ్చిందా, డాక్టర్ ఫోన్ కోసం, అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, సీదా ఆసుపత్రి ఎమర్జెన్సీకే. కార్డు లేకున్నా చూస్తరు, బిల్లు తర్వాత. నుదుటి మీద పెట్టే మిషన్‌ని ఈ వయసుల నమ్మొద్దు, మామూలు డిజిటల్ థర్మామీటర్ పెట్టాలె. చంకల పెడితే 37.5 దాటిందంటే అనుమానం, మలద్వారంల పెట్టి చూస్తేనే పక్కా. జ్వరం లేకున్నా పాలు తాగుతలేడు, లేపితే లేస్తలేడు, ఊపిరి తీస్తుంటే పక్కటెముకల కింద గుంట పడుతుంది, పచ్చగ ఆకుపసరు లెక్క వాంతి చేసుకున్నడు అంటే అప్పుడు గూడ ఎమర్జెన్సీనే. మిగతా అన్నిటికి 811. రాత్రి రెండింటికైనా నర్స్ ఎత్తుతది, ఇంగ్లీష్ ఇబ్బందైతే దుబాసీని అడగొచ్చు. ఫోన్ చేసే ముందల మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి: పిల్లగాని బరువు కిలోల్ల, జ్వరం సెల్సియస్‌ల, పొద్దటిసంది తడిసిన డైపర్లు ఎన్ని. వాళ్లు మొదలు అడిగేది అవే.

మంచుబూట్లు:

అన్నప్రాశన విషయం. ఓహిప్ మొదలైన కొత్తలో ఒక నియమం ఉంది: ఒంటారియోలో కాపురం పెట్టిన రోజు నుంచి మొదటి 183 రోజుల్లో 153 రోజులు అక్కడే ఉండాలి. అంటే బయట ఉండగలిగేది మొత్తం 30 రోజులే. మీరు 11 వారాలకి దిగితే ఆ 183 రోజులు పూర్తయ్యేసరికి బాబుకి ఎనిమిదిన్నర నెలలు వస్తాయి. మగపిల్లలకి సరి నెలలే కాబట్టి ఆరో నెల అయినా, ఎనిమిదో నెల మొదట్లో అయినా రెండు నెలలు వచ్చి కూర్చుంటే కుదరదు. మూడు వారాల్లో వచ్చి వెళ్లండి, లేదా పదో నెలకి పెట్టుకోండి. ఆ తర్వాత కూడా ఏ 12 నెలల్లో చూసినా 153 రోజులు అక్కడ ఉండాలి, అది పెద్ద కష్టం కాదు.

ఆరు నెలలు దాటాక హైదరాబాద్ వస్తుంటే ప్రయాణానికి ముందు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) ఒక డోసు వేయమని అక్కడి డాక్టర్‌ని అడగండి. అది అదనపు డోసు, ఏడాది నిండాక వేయాల్సిన రెండు డోసుల లెక్కలోకి రాదు. మన దగ్గర తొమ్మిదో నెలలో వేసే ఎంఆర్‌కీ అదే గతి.

కార్డు వచ్చే లోపు సంగతి కూడా చెప్పేస్తాను. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకుంటే బయల్దేరే రోజు నుంచే తీసుకోండి, ఎన్ని రోజుల వయసు పిల్లల నుంచి కవర్ చేస్తారో చూడండి. టీకాలు, చెకప్‌లు అందులో రావు, అనుకోకుండా వచ్చిన జబ్బుకే. కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఓహిప్ లేనివాళ్లని కూడా చూస్తాయి, మీ పోస్టల్ కోడ్ వాళ్ల పరిధిలో ఉందో లేదో అడగండి. వాక్-ఇన్‌కి వెళ్తే బయల్దేరే ముందు ఫోన్ చేసి "మూడు నెలల లోపు బిడ్డని చూస్తారా?" అని అడగండి. అలా అడక్కుండా వెళ్లి రెండు గంటలు కూర్చున్నాక పసిపిల్లల్ని చూడం అంటే ఏం చేస్తారు? డబ్బు కడితే రసీదు తీసుకుని, కార్డు వచ్చాక తిరిగిస్తారా అని అక్కడే కనుక్కోండి.

డాక్టర్ దొరికాక ఒక ఫారం మీద సంతకం పెట్టిస్తారు, రోస్టర్‌లో చేరడం అంటారు. తర్వాత మీరు మామూలు జలుబుకి వేరే వాక్-ఇన్‌కి వెళ్తే కొన్ని చోట్ల ఆ డాక్టర్‌కి వచ్చే డబ్బులో కోత పడొచ్చు. అందుకే కొన్ని ఆఫీసులు చిరాకు పడతాయి, పదే పదే వెళ్తే జాబితాలోంచి తీసేస్తామంటాయి. ముందు మీ డాక్టర్ ఆఫీసుకే ఫోన్ చేయండి, సాయంత్రం, వారాంతం క్లినిక్ ఎక్కడుందో కనుక్కోండి. ఎమర్జెన్సీకి వెళ్తే గానీ, వాళ్లు పంపిన పీడియాట్రీషియన్ దగ్గరికి వెళ్తే గానీ ఈ గొడవ ఉండదు. అపాయింట్‌మెంట్‌కి పోకపోతే ఫీజు వేస్తారు, అది ఓహిప్ కట్టదు. మందులకి మాత్రం బెంగ లేదు: కంపెనీ ఇన్సూరెన్స్‌లో బాబు లేకపోతే, 25 ఏళ్లు నిండని వాళ్లకి డాక్టర్ రాసిన చాలా మందులు ఓహిప్ ప్లస్ కింద ఉచితం.

కాల్గరీ_కాకా:

ఇది చదివే వాళ్లలో వేరే ప్రావిన్సులకి పోయేవాళ్లు ఉంటారు కాబట్టి రెండు ముక్కలు. ఇవన్నీ ఒంటారియో లెక్కలు. అల్బెర్టాలో దిగిన మూడు నెలల లోపు అప్లై చేస్తే దిగిన రోజు నుంచే కవరేజ్. అక్కడ పసిపిల్లల టీకాలు ఫ్యామిలీ డాక్టర్ వేయరు, పబ్లిక్ హెల్త్ నర్సులు వేస్తారు, కాబట్టి డాక్టర్ దొరక్కపోయినా టీకాలు ఆగవు. దిగగానే 811కి ఫోన్ చేసి దగ్గర్లోని హెల్త్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి. బ్రిటిష్ కొలంబియాలో దిగిన నెలలో మిగిలిన రోజులు, దాని మీద ఇంకో రెండు పూర్తి నెలలు ఆగాలి. నెలాఖరున దిగితే ఆగే రోజులు తగ్గుతాయి, 1వ తేదీన దిగితే నిండా మూడు నెలలు. ఆ గ్యాప్‌కి ప్రైవేట్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. హెపటైటిస్-బి మాత్రం అక్కడ పసిపిల్లల పట్టికలోనే ఉంది, ఒంటారియో తిప్పలు ఉండవు.

పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చి ఇంకా దిగని వాళ్లకి ఒక హెచ్చరిక: ఈలోగా బిడ్డ పుడితే దిగకముందే ఇమిగ్రేషన్‌కి తెలియజేయాలి. "తర్వాత తీసుకొస్తాంలే" అని చెప్పకుండా దిగితే ఆ బిడ్డని ఫ్యామిలీ స్పాన్సర్‌షిప్‌లో తెచ్చుకునే దారి మూసుకుపోవచ్చు.

నిజాంపేట్_అమ్మ:

అందరికీ దండం. ఆఖరిగా ఒకటి. జీహెచ్ఎంసీ బర్త్ సర్టిఫికెట్‌లో బాబు ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంది. నా పాస్‌పోర్ట్‌లో నా పుట్టింటి ఇంటిపేరే. ఇది సమస్యా?

టీకా_పుస్తకం:

మీ ఇంటిపేరు వేరుగా ఉండటం సమస్య కాదు. కాకపోతే క్లినిక్‌లో పేషెంట్‌ని ఇంటిపేరు, పుట్టిన తేదీతో వెతుకుతారు కాబట్టి బాబుని వాడి పాస్‌పోర్ట్‌లోని ఇంటిపేరుతోనే చెప్పండి, మీ పేరుతో కాదు. బర్త్ సర్టిఫికెట్‌లో పొడి అక్షరం మాత్రం ఇప్పుడే సరిచేయించండి. మీసేవలో కరెక్షన్‌కి పెట్టి, పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం సరిపోయేలా, తెలుగుతో పాటు ఇంగ్లీషులోనూ ఉన్న కాపీలు మూడు తీసుకోండి. ఓహిప్‌కి ఒకటి, బాబు వీసా పొడిగించేటప్పుడు ఒకటి, ఇంట్లో ఒకటి. టీకా కార్డు మీద "బేబీ ఆఫ్" అని మీ పేరే ఉండి ఉంటుంది, చూసుకోండి. 10 వారాల టీకాకి వెళ్లినప్పుడు దాని పక్కన బాబు పూర్తి పేరు, పుట్టిన తేదీ రాయించి ఆసుపత్రి ముద్ర వేయించండి. లేకపోతే ఆ కార్డు ఈ బిడ్డదేనని అక్కడ ఎవరూ ఒప్పుకోరు.

మంచుబూట్లు:

ఇంకొకటి మర్చిపోయాం. కార్ సీట్ ఇక్కడ కొనొద్దు. కెనడాలో మాపుల్ ఆకు గుర్తు ఉన్న స్టిక్కర్ అంటించిన సీటే చట్టప్రకారం చెల్లుతుంది, ఇండియా సీటు, అమెరికా సీటు రెండూ పనికిరావు. మీవారు ముందే కొని, కారులో బిగించి, ఎయిర్‌పోర్ట్‌కి దాంతోనే రావాలి. సీటు మీద ముద్రించిన గడువు తేదీ కూడా చూడమనండి, సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు అది చూడరు.